ఆ ఇద్దరు తమ్ముళ్లనూ భుజాల మీదకెత్తే ముందు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు మేం ముందుగా అడిగింది చదువుల గురించి కాదు, మెస్ గురించీ కాదు. "ఏరా, ఈయేడు కబడ్డీ టీమ్ ఎలాగుంది?" అని అడిగాం. అవతల ఒక్కడు మాట్లాడలేదు, నలుగురు ఒక్కసారే అందుకున్నారు. "అన్నా, ఫస్టియర్లో ఇద్దరు గుంటలొచ్చారన్నా! ఒకడు కూతకెల్తే సేపలాగ జారిపోతన్నాడు. రెండోవోడు మడమ పట్టుకున్నాడంటే ఇంక ఒగ్గడు. ఈసారి కప్పు మందేనన్నా, రాసిపెట్టుకో!"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు మాకు నవ్వు ఆగలేదు. ఆ తర్వాత నవ్వు పోయింది. ఎందుకు పోయిందో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మిత్రులారా! మేం ఈ హాస్టల్లో మూడేళ్లు ఉండి డిగ్రీ పూర్తి చేసుకుని ఇప్పుడు పీజీ చదువుతున్నవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా పట్టుకున్న మొదటివాళ్లం మేమే. మా అమ్మలకు పట్టా అంటే పొలం పట్టాయే తెలుసు, అదీ వేరేవాళ్ల చేతిలో చూసినదే. అందుకని మేం పెద్దమనుషుల్లా నీతులు చెప్పబోవడం లేదు. కబడ్డీ పిచ్చి మాకంటే ఎక్కువగా ఈ హాస్టల్లో ఎవరికీ ఉండి ఉండదు. మ్యాచ్ రోజున స్టడీ అవర్ ఎగ్గొట్టినందుకు వార్డెన్ గారి చేత చీవాట్లు తిన్న బ్యాచ్ మాది. ఖాళీ నూనె డబ్బాలు మెస్ వెనక నుంచి ఎత్తుకెళ్లి గ్రౌండ్లో వాయించిందీ మేమే. ఆ డబ్బాలు తిరిగి తేనందుకు వంటమ్మ వారం రోజులు మాకు సాంబారు అడుగున ముక్కలు వెయ్యలేదు. ఆ సంగతి పాతవాళ్లకు గుర్తుండే ఉంటుంది.

అసలు మన హాస్టల్ వాళ్లకే ఈ అభిమానం ఇంత ఎక్కువ ఎందుకు? మేం చాలాసార్లు ఆలోచించాం. క్లాసులో మనల్ని రోల్ నంబరుతో పిలుస్తారు. ఆఫీసు గది దగ్గర "స్కాలర్‌షిప్ వాళ్లు అటు నిలబడండి" అంటారు. బస్సు దిగి వచ్చే పట్నం పిల్లల ముందు మన ఇంగ్లీషు నోట్లోనే ఉండిపోతుంది. ఒక్క గ్రౌండ్లో మాత్రమే మన పేరు పెట్టి అరుస్తారు. బరిలో ఉండే ఏడుగురిలో ఐదుగురు మన హాస్టల్ వాళ్లే అయినప్పుడు ఆ అరుపు మన అందరిదీ అవుతుంది. కాబట్టి జూలై, ఆగస్టుల్లో కొత్త అడ్మిషన్లు అవుతుంటే, ట్రంకు పెట్టె మోసుకుంటూ గేటు దగ్గరకు వచ్చిన ప్రతి ఫస్టియర్ కుర్రాడినీ పైనుంచి కిందికి చూసి "ఏ ఊరు? కబడ్డీ ఆడతావా?" అని అడగడం మన సంప్రదాయం అయిపోయింది. తోటపల్లి కాలవ గట్టు మీద ఆడి వచ్చాడా, భోగాపురం ఇసకలో ఆడి వచ్చాడా అని ఆరా తీస్తాం. తొడల లావు చూసి పాయింట్లు లెక్కేస్తాం. మన ఊళ్లలో సంకురాత్రికి పశువుల్ని చూసినట్టే చూస్తాం అని ఒక తమ్ముడు అన్నాడు. మాకు కోపం వచ్చింది గానీ వాడన్నది అబద్ధం కాదు.

ఈ పిచ్చి మనకే కాదు, అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్‌కు ఇంతకు వెయ్యింతలు ఉంది. అక్కడ హైస్కూల్లో బాగా ఆడే పిల్లవాడు ఏ కాలేజీలో చేరబోతున్నాడన్నది మన దగ్గర ఎలక్షన్ టికెట్ల వార్తలా చెప్పుకుంటారు. 1991లో మిషిగన్ యూనివర్సిటీలో ఒకేసారి ఐదుగురు గట్టి ఫస్టియర్ కుర్రాళ్లు చేరారు. వాళ్లకు "ఫ్యాబ్ ఫైవ్" అని పేరు. సీనియర్లను బెంచి మీద కూర్చోబెట్టి ఆ ఐదుగురే ఆడారు. 1992లోనూ 1993లోనూ జాతీయ ఫైనల్‌కు వెళ్లారు, రెండుసార్లూ ఓడిపోయారు. రెండో ఫైనల్ చివరి సెకన్లలో ఆ ఐదుగురిలో పెద్ద ఆటగాడు క్రిస్ వెబర్, టైమౌట్‌లు అయిపోయాయని మరిచి మళ్లీ టైమౌట్ అడిగాడు. అది ఫౌల్. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. ఆ ఒక్క పొరపాటును ముప్ఫై ఏళ్లు దాటినా జనం ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాత ఇంకో కథ బయటపడింది. ఆ యూనివర్సిటీ ఆటగాళ్లలో కొందరికి ఒక ధనిక అభిమాని చాటుగా డబ్బులిచ్చాడని తేలింది. 2002లో యూనివర్సిటీ వారే ఆ రెండు ఫైనల్ సీజన్ల బ్యానర్లు స్టేడియంలో నుంచి దింపేశారు. చూశారా, ఆ జట్టు గుర్తును కిందికి దింపించింది ప్రత్యర్థి కాదు, అభిమాని!

2019 ఫిబ్రవరిలో డ్యూక్ యూనివర్సిటీ ఫస్టియర్ ఆటగాడు జయాన్ విలియమ్సన్‌ను చూడటానికి మాజీ అధ్యక్షుడు ఒబామా కూడా వచ్చి కూర్చున్నారు. ఆట మొదలై నిమిషం గడవక ముందే ఆ కుర్రాడి బూటు చీలిపోయి కాలు జారి మోకాలు బెణికింది. అయితే అతణ్ణి మళ్లీ ఆడించడానికి వాళ్లు మూడు వారాలు ఆగారు. పెద్ద డాక్టర్లు చూశారు, అభిమానులు గోల పెట్టినా ఎవరూ తొందరపడలేదు.

మేం తొందరపడ్డాం. ఇప్పుడు మా సంగతి చెప్తాం.

నాలుగేళ్ల కిందట, మేం సెకండియర్లో ఉండగా, పాలకొండ వైపు పల్లె నుంచి ఒక తమ్ముడు ఫస్టియర్లో చేరాడు. పేరు రాయం. పాతవాళ్లకు తెలుసు, కొత్తవాళ్లకు అవసరం లేదు. వాళ్ల నాన్న హైదరాబాద్‌లో తాపీ పనికి వెళ్లేవాడు. వీడు చేరిన మొదటి వారంలో సాయంత్రం హాస్టల్ వెనక ఖాళీ జాగాలో సరదాగా ఆడుతుంటే చూశాం. బోనస్ గీత దగ్గర కాలు పెట్టి, ముగ్గురు మీద పడుతుంటే వాళ్ల మధ్య నుంచి వంగి బయటికి వచ్చేశాడు. ఆ రాత్రి మెస్‌లో ఎవరూ కూర గురించి మాట్లాడలేదు.

అప్పట్నుంచి వాణ్ణి మేం నెత్తిన పెట్టుకున్నాం. గుడ్డు పెట్టే రోజున మా గుడ్లు వాడి కంచంలో వేశాం. వాడి బట్టలు ఉతికాం. ప్రాక్టీసుకు వెళ్లాడని క్లాసులో వాడి బదులు మేమే "ఎస్సార్" అన్నాం. కెమిస్ట్రీ రికార్డు మేమే రాసిపెట్టాం, మా అందరి చేతిరాతలూ అందులో కనిపిస్తాయి. అదంతా ప్రేమే అనుకున్నాం. నిజంగానే ప్రేమే. కానీ ఆ ప్రేమలో వాడు ఒక్క ప్రయోగం సొంతంగా చెయ్యలేదు, ఒక్క పాఠం వినలేదు. మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోయాయి. "పోతే పోనియ్యిరా, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుంది" అన్నాం. ఆ మాట అన్నవాళ్లలో స్పోర్ట్స్ కోటా రూల్సు చదివినవాడు ఒక్కడూ లేడు.

అంతర్ కళాశాలల పోటీల్లో సెమీఫైనల్ నాడు వాడి మోకాలు మెలి తిరిగింది. ఎదుటి జట్టువాళ్ల తప్పు లేదు, మ్యాట్ మీద కాలు ఇరుక్కుంది. మట్టిలో ఆడి పెరిగిన పిల్లలకు మ్యాట్ మీద ఆ బూట్ల పట్టు అలవాటు కావడానికి సమయం పడుతుంది, ఇది తర్వాత తెలుసుకున్నాం. ఆ రాత్రి జ్యూస్ బండి దగ్గర ఐసు ముక్కలు తెచ్చి కట్టాం. మోకాలు బూరెలా పొంగింది. పొద్దున్నే పీడీ సారు చూసి, "వీణ్ణి ఈరోజు ఆడించం" అన్నారు. మేమే బతిమాలాం. ఫైనల్‌లో అవతల ఉన్నది పట్నంలో పెద్ద ప్రైవేటు కాలేజీ, కిందటేడు మనల్ని ఓడించి "హాస్టల్ కూడుకు బలమెక్కడిది" అని వెక్కిరించిన జట్టు. ఆ మాట మా కడుపులో ఏడాదిగా మండుతోంది. సారు చివరికి వాణ్ణే అడిగారు, "ఆడగలవా?" అని. చుట్టూ అరవై మందిమి నిలబడి ఉన్నాం, చేతిలో డబ్బాలతో. పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఏమంటాడు? "ఆడతాన్సార్" అన్నాడు.

మూడో కూతకే పడిపోయాడు. లేవలేదు.

మ్యాచ్ గెలిచాం. కప్పుతో గ్రూప్ ఫోటో దిగాం. ఆ ఫోటో కాలేజీలో అద్దాల బీరువా పైన ఇప్పటికీ ఉంది, చూడండి. అందులో వాడు లేడు. అప్పటికి ఆటోలో ఆస్పత్రికి పంపేశాం. వెంట ఇద్దరే వెళ్లారు. మిగతా అందరం ఊరేగింపులో ఉన్నాం.

లిగమెంట్ తెగిందన్నారు. స్కానింగుకూ మందులకూ మేం చందా వేస్తే నాలుగు వేల మూడొందలు పోగయ్యాయి. ఆపరేషన్ మాట వచ్చేసరికి చందా వెయ్యడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు. వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లిపోయాడు. ఎవరినీ ఒక్క మాట అనలేదాయన. "మీరంతా బాగా సూసుకున్నారు బావూ" అని దండం పెట్టి వెళ్లాడు. ఆ దండం ఇప్పటికీ మాకు నిద్రలో గుర్తుకొస్తుంది. వాడు మళ్లీ రాలేదు. అటెండెన్స్ లేదు, పోయిన సబ్జెక్టులు కట్టలేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్. మెట్లెక్కితే మోకాలు పట్టేస్తుందట.

మేం వాడి జీవితం పాడుచేశామని అనడం కూడా ఒకరకం గొప్పలు చెప్పుకోవడమేనేమో. పేదరికం చేసింది, సదుపాయాలు లేకపోవడం చేసింది, దురదృష్టం చేసింది. కానీ ఆ ఉదయం ఒక్క గంట మా చేతిలో ఉంది. ఆ గంటలో మేం వాడి పక్షాన లేం, కప్పు పక్షాన ఉన్నాం.

ఇక స్పోర్ట్స్ కోటా సంగతి. తర్వాత సిగ్గుపడి చదివాం కాబట్టి చెప్తున్నాం, తమ్ముళ్లు జాగ్రత్తగా వినండి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల నిబంధనల్లో కాలేజీ చదువుకునే ఆటగాడికి పనికొచ్చేది యూనివర్సిటీ తరఫున ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో ఆడటం. దానికి ఫారం-3 అని ఒకటి ఉంటుంది, యూనివర్సిటీ క్రీడల అధికారి సంతకం ఉండాలి. మనం డబ్బాలు పగిలేలా అరిచే అంతర్ కళాశాలల కప్పు అందులో లేదు! అది యూనివర్సిటీ జట్టు ఎంపికకు ఒక మెట్టు, అంతవరకే. అంటే మనం ఆ తమ్ముడి మోకాలు పణంగా పెట్టి గెలిచిన ఫైనల్, వాడు ఆడి గెలిచినా వాడికి ఉద్యోగం తెచ్చేది కాదు. వాడు ఆ రోజు బెంచి మీద కూర్చుని, మోకాలు బాగయ్యాక యూనివర్సిటీ సెలక్షన్‌కు వెళ్లి ఉంటే ఏమయ్యేదో! ఈ చిన్న సంగతి తెలియక మేం ఎంత అరిచాం!

కాగితాల విలువ ఎంతో తెలియాలంటే మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ గారిని చూడండి. నాన్న సెక్యూరిటీ గార్డు. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో వంద మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా ఆ పరుగు రికార్డుగా ఎక్కలేదు. అక్కడ ఆమెకు డోప్ పరీక్ష జరగలేదు, ఫెడరేషన్ తరఫున ఉండాల్సిన సాంకేతిక ప్రతినిధి లేడు. పరుగులో తప్పు లేదు, ఏర్పాట్లలో తప్పు. రికార్డు ఆమె పేరు మీదకు రావడానికి 2022 మే దాకా ఆగాల్సి వచ్చింది, సైప్రస్‌లో 13.23తో. ఆ తర్వాత 2023లో ఆసియా చాంపియన్‌షిప్ బంగారం, 2024లో పారిస్ ఒలింపిక్స్. 2025లో ఆమెకూ మోకాలి దెబ్బ తగిలింది, ఆమె చుట్టూ మాత్రం డాక్టర్లూ ఫిజియోలూ ఉన్నారు. మన తమ్ముళ్ల చుట్టూ ఉన్నది మనమే. జ్యూస్ బండి ఐసు ముక్కలే.

"మరి అరవకుండా ఉంటే ఆట ఎలా వస్తుందన్నా, అభిమానం లేకపోతే ఆటగాడెలా తయారవుతాడు?" అని కొందరు అంటారు. నిజమే, మేం కాదనం. కానీ అభిమానంలోనూ తేడాలుంటాయి. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడకు ఒకసారి వెళ్లి రండి. వెయిట్‌లిఫ్టర్ల ఊరని దానికి పేరు. ఆ ఊరి మత్స సంతోషి గారు 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మొత్తం 188 కిలోలు ఎత్తారు. మొదట కాంస్యం ఇచ్చారు. బంగారం గెలిచిన నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది వెండి అయింది. అలాంటి ఊళ్లో కొత్త పిల్ల బరువు పట్టుకుంటే చుట్టూ నిలబడి చూసేవాళ్లలో బరువెత్తినవాళ్లే ఎక్కువమంది ఉంటారు. నడుము ఎక్కడ పట్టేస్తుందో, ఎప్పుడు దించెయ్యమనాలో వాళ్లకు తెలుసు. "ఇంకా ఎత్తు, ఇంకా ఎత్తు" అనే గొంతులోనే "చాలు, దించు" అనే గొంతు కూడా ఉంటుంది. మన గ్రౌండ్లో ఆ రెండో గొంతు లేదు.

ఆమదాలవలస కరణం మల్లేశ్వరి గారి సంగతి మనందరికీ తెలుసు. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. ఆ చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు పెట్టించుకుని లేపలేకపోయారు, లేపి ఉంటే బంగారమే. ఆమె ఫోటో మన హాస్టల్ రీడింగ్ రూములో ఉంది. ఆ ఫోటో కింద కూర్చునే "కంచే కదా" అన్నవాణ్ణి మేం విన్నాం! ఆ నోటితోనే మనం ఫస్టియర్ కుర్రాడికి "ఈసారి కప్పు తేకపోతే చూస్కో" అంటాం.

ఒక్కడి మీద అంతా పెట్టుకోవడం ఆటకైనా మంచిది కాదు. ప్రో కబడ్డీనే చూడండి. 2022లో పవన్ సెహ్రావత్‌ను తమిళ్ తలైవాస్ 2 కోట్ల 26 లక్షలకు కొన్నారు. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతిని సీజనంతా కూర్చున్నాడు. ఆ జట్టు అతను లేకుండానే మొదటిసారి సెమీఫైనల్ చేరింది. మరుసటి ఏడు మన తెలుగు టైటాన్స్ అతణ్ణి 2 కోట్ల 60 లక్షలు దాటించి కొన్నారు. విశాఖ వెళ్లే బస్సుల్లో ఆ కబుర్లే. ఆ సీజన్‌లో మన టైటాన్స్ అట్టడుగున నిలిచారు. అతను బాగా ఆడలేదని కాదు, కూతకు వెళ్లేవాడు ఒక్కడైతే పట్టేవాళ్లు ఆరుగురు కావాలి కదా.

అందుకని ఈ ఏడు వచ్చిన ఆ ఇద్దరి విషయంలో మేం అడిగేవి కొన్నే. వాళ్ల బదులు ఎవరూ "ఎస్సార్" అనొద్దు. రికార్డు వాళ్లే రాయాలి, కావాలంటే పక్కన కూర్చుని చెప్పండి. గుడ్డు ఇవ్వండి, అది మంచిదే (గుడ్డు సైజు గురించి వేరే వ్యాసం రాయాలి, ఇక్కడ వద్దు). మ్యాట్ మీద ఆడిన సీనియర్ ఎవరైనా ఉంటే, పోటీలకు నెల రోజుల ముందు నుంచే ఆ బూట్లతో అలవాటు చేయించండి. నొప్పి ఉందా లేదా అని అడిగేటప్పుడు నలుగురిలో అడగొద్దు. గదిలోకి తీసుకెళ్లి, తలుపు వేసి, ఒక్కడే అడగండి. గ్రౌండ్లో పీడీ సారు వద్దంటే వద్దే. ఆ మాటను దాటించడానికి హాస్టల్ తరఫున ఎవరూ వెళ్లకూడదని రూము రూముకూ చెప్పండి. ఓడిపోతే ఓడిపోదాం. వెక్కిరిస్తే వెక్కిరించనిద్దాం, ఆ మాటకు జవాబు చెప్పడానికి వాళ్లకు డిగ్రీ మూడేళ్లున్నాయి.

మేం ఇంకొకటి మొదలుపెట్టాం. ఉద్యోగాల్లో ఉన్న పాత విద్యార్థులు కొందరూ, మాలాంటి పీజీ వాళ్లూ కలిసి నెలకు యాభై, వంద వేసుకుంటున్నాం. పెద్ద సొమ్ము కాదు. దెబ్బ తగిలిన రోజున ఆటో వెంట ఇద్దరు కాకుండా నలుగురు వెళ్లడానికీ, స్కానింగుకు చందా కోసం గది గదికీ తిరగకుండా ఉండటానికీ సరిపోతుంది. లెక్క మెస్ కమిటీ పుస్తకంలోనే చివరి పేజీల్లో రాస్తారు, ఎవరైనా చూడొచ్చు. యూనివర్సిటీ సెలక్షన్‌కు వెళ్లిన ప్రతివాడి ఫారం కాపీ కూడా ఆ పుస్తకంలోనే అంటించాలని అనుకున్నాం.

ఈ సంక్రాంతికి మా పాత తమ్ముడు ఫోన్ చేశాడు. డ్యూటీలో ఉన్నాడట, వెనక లిఫ్టు మోత వినిపిస్తోంది. యోగక్షేమాలయ్యాక వాడడిగిన మొదటి మాట, "అన్నా, ఈయేడు మన టీమ్ ఎలాగుందన్నా?" ఆ ఇద్దరి గురించి చెప్పాం. చాలాసేపు వివరంగా అడిగాడు. కూతకెళ్లేవాడు ఎడమ కాలు ముందు పెడతాడా, కుడికాలా అని. కుడి అన్నాం. "అయితే ఆణ్ని ఎడంపక్క కార్నర్ దగ్గర ఎక్కువసేపు ఆగొద్దని సెప్పన్నా, నాకు మోకాలు తిరిగిందక్కడే" అన్నాడు. సెలవు దొరికితే వార్షికోత్సవానికి వస్తానన్నాడు. వస్తే ఎదుట కుర్చీలో కూర్చోబెట్టండి. ఆ రోజు సాయంత్రం ఆ ఇద్దరినీ ఒక గంట వాడి దగ్గర వదిలేసి, మిగతావాళ్లు దూరంగా ఉండండి.